సేవ్ నొక్కిన చెయ్యి

"...అంటే నా ఇంట్లో, నా మొగుడి కంప్యూటర్ మీద దుమ్ము తుడవడానిక్కూడా నీ పర్మిషన్ తీసుకోవాలా వదినా?"

"తుడవద్దన్నానా? ముట్టుకోవద్దన్నాను."

"ముట్టుకోకుండా ఎలా తుడుస్తారో చెప్పు. ఊదమంటావా?"

"ఊదు. ఊదితే నష్టం లేదు."

"అయితే నువ్వే ఊదు. రోజూ వచ్చి దాని మీద తువ్వాలు జరిగిందా లేదా అని చూసుకుని పోతున్నావుగా. మమ్మల్ని పలకరించడానికి వస్తున్నావనుకుని టీ పెడుతున్నాను, పిచ్చిదాన్ని."

గుమ్మం బయట చెప్పులు విప్పుతున్న తమ్ముడు ఆ మాటలు విని ఆగిపోయాడు. మళ్ళీ చెప్పులు తొడుక్కుని సందు చివరిదాకా వెళ్ళొద్దామా అనుకున్నాడు. ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసినప్పటినుంచి సందు చివరిదాకా చాలాసార్లు వెళ్ళొచ్చాడు. అక్కడ కొత్తగా చూడ్డానికి ఏమీ మిగల్లేదు. లోపలికి వచ్చాడు.

"ఒరేయ్, నువ్వు చెప్పు దీనికి," అంది అక్క.

"మీ అక్కకి మీరు చెప్పండి," అంది భార్య.

అతను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ముందు గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల ఉంది. దాని మీద తువ్వాలు కప్పిన లాప్‌టాప్. తువ్వాలు తీస్తే, మూత మీంచి కింది పలకదాకా అంటించిన కాగితపు టేపు, టేపు మీద అడ్డంగా అక్క సంతకం, తేదీ కనిపిస్తాయి. సంతకం సగం టేపు మీద, సగం మూత మీద పడేలా పెట్టింది. టేపు ఊడదీసి మళ్ళీ అంటిస్తే గీతలు కలవవు. ఇది ఆమె సాయంత్రం క్లాసులో నేర్చుకున్న విద్య. ఆ టేపు చూసినప్పుడల్లా మరదలికి తన మూతికే అంటించినట్టు ఉండేది.

అక్కని ఆ చుట్టుపక్కల అందరూ జిరాక్సక్క అంటారు. ఆసుపత్రికీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకీ మధ్య సందులో ఆమె షాపు. ఒక జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకి ఒక ఫ్యాను. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని సాధారణంగా వెయ్యదు. తల్లి పోయేనాటికి ఆమె టైపు నేర్చుకుంటోంది, తమ్ముడు ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, తమ్ముడు నిక్కర్లు పోయి ప్యాంట్లలోకి వచ్చాడు, ఆమె మాత్రం ఆ సందులోనే ఉండిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అర్జెంటు పనులు ముందు చేస్తున్నాను" అనేది. అడిగినవాళ్ళు కాసేపు ఆలోచించి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయేవారు.

ఆమెకి రెండు అలవాట్లు. డబ్బులు తీసుకుంటూ ప్రతివాళ్ళనీ "ఒరిజినల్ తీసుకున్నారా?" అని అడగడం ఒకటి. జనం నకళ్ళు లెక్కపెట్టుకుని పట్టుకుపోతారు, అసలు కాగితం మిషను మూత కిందే వదిలేస్తారు. డిగ్రీ పట్టాలు, ఇంటి దస్తావేజులు, ఎక్స్‌రే రిపోర్టులు. అలా మిగిలినవన్నీ ఆమె ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి చివాట్లు పెట్టి ఇచ్చేది.

రెండోది వేళ్ళ అలవాటు. షాపు పెట్టిన కొత్తలో ఒక విద్యార్థి పరిశోధన పుస్తకం టైపు చేస్తుంటే కరెంటు పోయి, పొద్దుటినుంచి కొట్టిందంతా పోయింది. ఆ పిల్ల ఏడవలేదు, కుర్చీలో కూర్చుని గోడకేసి చూసింది. ఏడ్చినా బాగుండేది. అప్పటినుంచి అక్క ఏ ఫైలు తెరిచినా, కళ్ళకి ఏదైనా వంకరగా కనిపిస్తే సరిచేస్తుంది, సరిచేసిన వెంటనే ఎడమచేతి వేళ్ళు సేవ్ నొక్కేస్తాయి. నొక్కానని ఆమెకే తెలియదు. ఊపిరి పీల్చినట్టు.

తమ్ముడు నీటి సరఫరా శాఖ పరీక్షశాలలో టెక్నీషియను. కాలనీలకి వెళ్ళి కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్షించి రిపోర్టు రాయడం అతని పని. ఆఫీసు కంప్యూటరు ముందు క్యూ ఉండేది కనుక రిపోర్టులు ఇంట్లో తన లాప్‌టాప్ మీద టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి సెక్షన్ గుమాస్తాకి ఇచ్చేవాడు. గుమాస్తా దాన్ని ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించుకుని, పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఇచ్చేవాడు. అందరూ అలాగే చేసేవారు, ఎవరూ తప్పనలేదు.

మిట్ట మీది కాలనీలో పిల్లలకి వాంతులు, విరేచనాలు మొదలైనప్పుడు ఆ సంగతి అక్కకి పేపరు ద్వారా తెలియలేదు. ఆసుపత్రి చీటీలు జిరాక్సు తీయించుకోవడానికి తల్లులు వరసగా షాపుకి వచ్చారు. ఒకే కాలనీ పేరు, ఒకే జబ్బు, మిషను గాజు మీద ఒకదాని తర్వాత ఒకటి. "మీ తమ్ముడిది నీళ్ళ ఆఫీసేగా అక్కా, ఆ నీళ్ళు చూడమని చెప్పకూడదూ?" అంది ఒకామె, పిల్లని భుజం మీద వేసుకుని. అక్క ఆ సాయంత్రమే తమ్ముణ్ణి అడిగింది. "ఎప్పుడో చూశాను, తాగడానికి పనికిరావని రాసిచ్చాను. వాళ్ళు పైపు బాగుచేస్తున్నారనుకుంటున్నాను," అన్నాడు అతను.

ఆఫీసులో ఉన్న రిపోర్టులో అంకెలన్నీ హద్దుల్లో ఉన్నాయి. నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని కింద తమ్ముడి పేరుంది. కాలనీవాళ్ళు ఫిర్యాదు ఇచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. శాఖవాళ్ళు ఆ రిపోర్టు చూపించి, టెక్నీషియను తప్పుడు రిపోర్టు ఇచ్చాడన్నారు. అతను రాసింది ఇది కాదంటే, "అయితే నువ్వు రాసింది చూపించు," అన్నారు.

తను రాసింది ఆ లాప్‌టాప్‌లో ఉందన్నాడు అతను. ఎప్పుడు రాశాడో చెప్పే తేదీ కూడా ఆ ఫైలుకే అంటుకుని ఉంటుంది. పిల్లలు జబ్బుపడక ముందు తేదీ. అతని ఉద్యోగానికీ, పేరుకీ మిగిలిన ఆధారం అదొక్కటే.

డిజిటల్ సాక్ష్యాల గురించి పాఠాలు చెప్పే మాస్టారు అక్క షాపుకి పాత ఖాతాదారు. పోలీసు లాబొరేటరీలో పనిచేసి రిటైరయ్యాక, వీధి చివర టైర్ల షాపు మీది హాల్లో సాయంత్రం క్లాసులు నడుపుతున్నాడు. పాఠాల నోట్సు అక్క దగ్గరే కట్టలుగా తీయించుకునేవాడు. అన్నేళ్ళూ ఆ కాగితాలు ఆమె చేతుల మీంచి వెళ్ళాయి, ఒక్క వాక్యం చదవలేదు. జిరాక్సు తీసేవాళ్ళు కాగితం చూస్తారు, చదవరు. తమ్ముణ్ణి సస్పెండ్ చేసిన వారంలో మొదటిసారి మిషను ఆపి చదివింది. "అసలును ముట్టుకోరాదు. నకలు తీసి నకలు మీదే పని చేయవలెను" అని ఉంది.

"ఇది నాకు చెప్పండి సార్," అంది, మాస్టారు కట్ట కోసం వచ్చినప్పుడు.

"మీకెందుకమ్మా ఇవన్నీ?"

"ఇన్నాళ్ళూ తీసిచ్చాను. ఒకసారి నేనూ కొనుక్కుంటాను."

క్లాసులో మిగతావాళ్ళంతా ఇరవైల్లో ఉన్నవాళ్ళు. ఆమె వెనక బెంచీ మీద కూర్చోగానే ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి, "ఆంటీ, జిరాక్సు కింద సందులో కదా?" అన్నాడు.

"అవును బాబూ. నీ సర్టిఫికెట్లన్నీ నా దగ్గరే తీశావు. మార్కులు కూడా గుర్తున్నాయి. పైకి చెప్పనా?"

క్లాసంతా నవ్వింది. కుర్రాడు చేతులు జోడించి ముందుకి తిరిగాడు. తర్వాత అతనే ఆమెకి చార్జరు ఎక్కడ గుచ్చాలో చూపించాడు.

మాస్టారు మొదటి రోజు పాఠం చెప్పలేదు. ఒక పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, "ఇందులో ఏముందో చూసి చెప్పండి," అన్నాడు. నలుగురు ఎగబడ్డారు. ఒకమ్మాయి గబగబా తన కంప్యూటర్‌కి గుచ్చి తెరిచి, "పువ్వు బొమ్మ సార్," అంది.

"సరే. ఇప్పుడు నేను అవతలి పక్షం లాయర్ని. ఈ పువ్వు ఇందులో ముందునుంచీ ఉందా, నువ్వు పెట్టావా?"

"నేను పెట్టలేదు సార్!"

"నువ్వు గుచ్చగానే నీ కంప్యూటర్ తన గుర్తులు కొన్ని అందులో రాసేసింది, చూశావా? అవి రాసింది నువ్వే. పువ్వు నువ్వు పెట్టలేదని ఇప్పుడు నన్ను నమ్మించు."

ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్ ఊడదీసి బల్ల మీద పెట్టేసింది. తను ముందు బెంచీలో ఉంటే తనూ అలాగే ఎగబడేదాన్నని అక్క అనుకుంది.

ఆ తర్వాత మాస్టారు ఒక చిన్న పెట్టె చూపించాడు. సాక్ష్యానికీ కంప్యూటర్‌కీ మధ్య దాన్ని తగిలిస్తే చదవనిస్తుంది, రాయనివ్వదు. దాని ద్వారా మొత్తం డిస్కుకి నకలు తీయాలి. కనిపించే ఫైళ్ళే కాదు, చెరిపేసినవీ, ఖాళీగా కనిపించే చోట్లూ కూడా. తీశాక అసలుకీ నకలుకీ లెక్క కట్టిస్తే ఒక పొడుగాటి అంకెల వరస వస్తుంది. అది డిస్కు వేలిముద్ర. రెండూ ఒకటైతే నకలు సరైనదే. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. అసలు వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ప్రతిసారీ రాసి సంతకం పెట్టించాలి.

అక్కకి ఇది ఎక్కడలేని ఆనందం ఇచ్చింది. ఇన్నేళ్ళుగా ఆమె తీసిన నకళ్ళన్నీ అసలు కన్నా కొంచెం మసకే. అసలుకి ఏమాత్రం తీసిపోని జిరాక్సు ఒకటి లోకంలో ఉంటుందని ఆమె అనుకోలేదు. తిన్నగా తమ్ముడి ఇంటికి వెళ్ళి లాప్‌టాప్‌కి టేపు వేసి సంతకం పెట్టింది, వాడు కూడా తెరవకూడదంది. ఊరినుంచి వచ్చాక మాస్టారే స్వయంగా నకలు తీస్తానన్నాడు. కూతురి ప్రసవం కోసం వెళ్ళాడాయన. మనవరాలు కాస్త ఆలస్యం చేసింది. తమ్ముడి మీద శాఖ పెట్టిన విచారణ మాత్రం దగ్గరపడింది.

దుమ్ము గొడవైన మర్నాడు మరదలు షాపుకి వచ్చింది. చేతిలో ఏ కాగితమూ లేదు. కాసేపు కాగితాల కట్టలు సర్దింది.

"వదినా, ఒకటి అడుగుతాను. కోప్పడకు."

"అడుగు."

"ఆ ఫైలు నిజంగా అందులో ఉందంటావా?"

"ఏం మాటే అది!"

"ఆయన అబద్ధం చెప్తున్నారనడం లేదు. ఆ వారం ఆయనకి జ్వరం. ఒంటి మీద తెలివి లేకుండా ఆఫీసుకి వెళ్ళొచ్చారు. పాత రిపోర్టు మీదే తేదీ మార్చి ఇచ్చేసి, సరిగ్గా రాశాననుకుంటున్నారేమో. మనం ఊరంతటితోనూ పోట్లాడి, చివరికి ఆ కంప్యూటర్ తెరిస్తే అందులో ఏమీ లేకపోతే?"

"ఉంది," అంది అక్క.

"చూశావా?"

అక్క మిషను మూత ఎత్తి గాజు తుడిచింది. మరదలు కట్ట అంచులు సమంగా తట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తమ్ముణ్ణి పెంచింది తనే. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి "నేను కాదు" అన్నప్పుడు వాడి మొహం ఎలా ఉండేదో, నిజంగా వాడు కానప్పుడు ఎలా ఉండేదో ఆమెకి తెలుసు. ఈ సారి ఆ రెండు మొహాల్లో ఏది చూస్తోందో తేల్చుకోలేకపోయింది. మనసులో ఆ ప్రశ్న మరదలి కన్నా ముందే ఉంది. మరదలు పైకి అంది, అంతే.

మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి తమ్ముడి ఇంటికి వెళ్ళింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. ఇంట్లో ఎవరూ లేరు. తువ్వాలు తీసి మడతపెట్టింది. టేపు చివర గోటితో లేపింది. తన సంతకం మధ్యకి చిరిగింది.

లాప్‌టాప్ లేచింది. ఫైలు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. తెరిచింది.

ఉంది. మిట్ట మీది కాలనీ, కుళాయి గుర్తు, అంకెలు. హద్దు దాటిన ప్రతి అంకెనీ వాడు లావాటి అక్షరాల్లో పెట్టాడు. చివర, "ఈ నీరు తాగుటకు పనికిరాదు. సరఫరా వెంటనే నిలిపివేయవలెను" అని రాశాడు. ఆమె రెండుసార్లు చదివింది. వాడు చెప్పిందంతా నిజమే. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఇన్ని రోజులుగా భుజాలు ఎంత బిగబట్టుకుని ఉన్నాయో అవి దిగాక తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి పట్టికలో మూడో వరసలో ఒక గడి పక్కకి జరిగి కనిపించింది. వాడికి పట్టికలు గీయడం ఎప్పుడూ సరిగ్గా రాలేదు. కుడిచెయ్యి దాన్ని వరసలోకి లాగింది. ఎడమచెయ్యి సేవ్ నొక్కింది.

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఫైలు పక్కన తేదీ చూసింది. ఇవాళ్టి తేదీ.

బయట ఎవరో సైకిలు గంట కొట్టారు. ఆమె తన ఎడమచేతి వేళ్ళకేసి చూసింది, వేరేవాళ్ళ వేళ్ళని చూసినట్టు.

తమ్ముడు వచ్చేదాకా అక్కడే కూర్చుంది. మరదలు కూడా వచ్చాక ఇద్దరికీ కలిపి ఒక్కసారే చెప్పింది. మొదట మరదలే తేరుకుంది. "దుమ్ము తుడవనివ్వలేదు నన్ను," అని మాత్రం అని వంటగదిలోకి వెళ్ళింది.

"ఇదే పని నేను చేసుంటే చంపేసేదానివి," అన్నాడు తమ్ముడు.

"అవును."

"నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను."

"ఇప్పుడు నువ్వు నమ్మి ఏం లాభం అక్కా?" అతను గదిలో అటూ ఇటూ తిరిగాడు. బల్ల దగ్గర ఆగాడు. "ఆ తేదీ ఎక్కడినుంచి వస్తుంది? కంప్యూటర్ గడియారంలోంచేగా? గడియారం వెనక్కి తిప్పు. పాత తేదీ పెట్టి మళ్ళీ సేవ్ చెయ్యి. రాసింది నిజమే కదా! నిజానికి నిజం తేదీ పెడుతున్నాం. అందులో మోసమేముంది?"

"అలా తిప్పినవాణ్ణి ఎలా పట్టుకోవాలో మొన్న క్లాసులో చెప్పారురా."

"అది మీ క్లాసులో. ఇక్కడ చూసేవాళ్ళకి అంత తెలివి లేదు."

"మీ ఆఫీసులో కూర్చుని నీ రిపోర్టు మార్చినవాడు కూడా సరిగ్గా ఇదే అనుకుని ఉంటాడు."

తమ్ముడు మడతపెట్టిన తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"వాడిలా చేస్తే వాడికీ మనకీ తేడా ఏంటో నాకు చెప్పు, తిప్పుతాను," అంది అక్క. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. తమ్ముడు తువ్వాలు విప్పి లాప్‌టాప్ మీద కప్పేశాడు.

మాస్టారు ఊరినుంచి రాగానే ఆమె వెళ్ళి అంతా చెప్పింది. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమేం చేశారో రాయండి. టేపు తీసినప్పటినుంచీ. ముందు ఏది నొక్కారు, తర్వాత ఏది నొక్కారు, ఏ గడి జరిపారు. విచారణకి మీరిచ్చే రిపోర్టులో మొదటి పేరా అదే."

"మొదటి పేరాలోనా? చివర్లో పెడితే..."

"చివర్లో పెడితే దాచిపెట్టారంటారు."

"అది రాస్తే కేసు పోతుందేమో సార్."

"రాయకపోతే మీరు పోతారు. మీరు పాడుచేసింది ఒక్క ఫైలు తేదీని. డిస్కు మొత్తాన్ని కాదు. రండి, మిగిలిందేమిటో చూద్దాం."

ఆ రోజు పెట్టె తగిలించి నకలు తీశారు. రెండు వేలిముద్రలూ సరిపోయాయి. నకలు మీద వెతుకుతుంటే, చెరిపేసిన ఫైళ్ళ చోటులో ఒక ముక్క దొరికింది. రిపోర్టు టైపు చేసిన నాడు బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ ఆగిపోతే, టైపు చేసే ప్రోగ్రాము తనంతట తాను దాచుకున్న కాపీ అది. దాని తేదీ పాతదే, పిల్లలు జబ్బుపడక ముందుది. హద్దు దాటిన అంకెలన్నీ లావాటి అక్షరాల్లో ఉన్నాయి. పట్టికలో ఆ గడి పక్కకి జరిగే ఉంది. కానీ చివరి రెండు వాక్యాలు లేవు. అవి టైపు చేసేలోపే బ్యాటరీ పోయింది.

"సగమే," అంది అక్క.

"సగమే," అన్నాడు మాస్టారు. "సగాన్ని సగమనే రాయండి."

విచారణ నీళ్ళ ఆఫీసు పైఅంతస్తులో, పొడుగాటి బల్ల ఉన్న గదిలో జరిగింది. విచారణాధికారి తల నెరిసిన మనిషి, మర్యాదస్తుడు. "కూర్చోండమ్మా," అని తనే కుర్చీ చూపించాడు. పక్కన కంప్యూటర్ సెక్షన్ ఇంజనీరు. ఆమె రిపోర్టు ముందే చదివి, అక్కడక్కడ పెన్సిల్తో గీతలు పెట్టుకున్నాడు. తమ్ముడు కుర్చీ అంచున కూర్చున్నాడు. సంచిలో కొత్త టేపు, కొత్త సంతకంతో లాప్‌టాప్ అక్క ఒళ్ళో ఉంది.

"ఫైలు చివరిసారి సేవ్ అయిన తేదీ ఫిర్యాదు తర్వాతది," అన్నాడు ఇంజనీరు.

"అవునండీ. సేవ్ చేసింది నేనే. మొదటి పేరాలో రాశాను."

"ఎందుకు చేశారు?"

"అలవాటు. గడి వంకరగా ఉంటే సరిచేశాను."

ఇంజనీరు నవ్వలేదు. "నాకు అర్థమవుతుందమ్మా. కానీ గడి ఒక్కటే సరిచేశారని, అంకెలు సరిచెయ్యలేదని నేనెలా చెప్పను?"

"మీరు చెప్పలేరు. నేనూ చెప్పమనను. అందుకే ఆ సగం కాపీ చూడండి. అది నా చెయ్యి పడక ముందుది."

ఇంజనీరు పేజీ తిప్పి చాలాసేపు చూశాడు. "అంకెలు ఉన్నాయి సార్," అన్నాడు అధికారితో. "తేదీ కూడా ముందుదే. కాకపోతే అసంపూర్తి."

"సగం కాగితం మీద పూర్తి తీర్పు రాయమంటారా?" అన్నాడు అధికారి, నెమ్మదిగానే.

"వద్దండీ. మీ ఆఫీసు కంప్యూటర్ కూడా ఇలాగే తెరవండి," అంది అక్క. "దాంట్లోకి మావాడి ఫైలు ఎప్పుడు ఎక్కిందో, ఎక్కాక ఎవరు ముట్టుకున్నారో చూడండి. నా తప్పు నేను మొదటి పేరాలో రాసుకున్నాను. అక్కడివాళ్ళు ఎక్కడ రాస్తారో చూద్దాం."

అధికారి ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తన పెన్సిల్ వైపు చూసుకున్నాడు.

"ఆ కంప్యూటర్ మార్చేశామండీ," అన్నాడు చివరికి. "పాతది తుక్కుకి వెళ్ళిపోయింది."

"ఎప్పుడు?" అంది అక్క.

"ఫిర్యాదు వచ్చాక."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని కింద కాగితాల మీద బరువు కోసం పెట్టిన గాజు ముక్క, పక్కన మూత బిగించిన నీళ్ళ సీసా. తమ్ముడు ఆ సీసాకేసే చూస్తున్నాడు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, నేను మీవాడికి శత్రువుని కాను. ఇంకో కాగితం తయారుచేయించాను. జ్వరంలో ఉండి పొరపాటున పాత అంకెలు వేశానని, చింతిస్తున్నానని ఉంటుంది. సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తాం. వచ్చే వారం ఉద్యోగంలో చేరొచ్చు. ఇంకో ఆఫీసులో." కాగితం తమ్ముడి ముందుకి జరిపాడు. పెన్ను కూడా. "ఆ లాప్‌టాప్ ఇక్కడ వదిలి వెళ్ళండి. మేం చూసుకుంటాం."

తమ్ముడు పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. కాగితం మొదటి వాక్యం చదివాడు. రెండోది కూడా చదివాడు.

"అక్కా..."

"నీ చెయ్యి, నీ సంతకం. నేను పట్టుకోను," అంది అక్క. "చదవడం మాత్రం పూర్తిగా చదువు."

అతను చదువుతుండగా ఆమె అధికారి వైపు తిరిగింది. "లాప్‌టాప్ వదిలితే, తీసుకున్నట్టు రాసిస్తారా? ఏ రోజు, ఎవరి చేతికి, డిస్కు వేలిముద్ర ఏమిటో అన్నీ వేసి?"

"ఇక్కడ అలాంటి పద్ధతి లేదమ్మా."

"మరి రేపు ఇది కూడా తుక్కుకి వెళ్తే?"

"మీరు మరీ మాట్లాడుతున్నారు. మేం పోనీ అని ఊరుకుంటుంటే..."

"ఆ కాలనీలో పైపు ఇంకా మార్చలేదండీ. నిన్న కూడా చీటీలు తెచ్చారు నా షాపుకి. మీ బల్ల మీద సీసా ఉంది. వాళ్ళకి కుళాయే ఉంది."

అధికారి సీసా వైపు చూడలేదు. ఇంజనీరు చూశాడు.

తమ్ముడు కాగితం చివరిదాకా చదివాడు. పెన్ను మూత వెతుక్కుని బిగించాడు. పెన్నుని సంతకం లేని కాగితం మీద పెట్టి, రెండూ కలిపి అధికారి వైపు జరిపాడు.

"నేను పాత అంకెలు వెయ్యలేదండీ," అన్నాడు.

అక్క లేచి నిలబడింది. లాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని, టేపు మీద సంతకం చెదరలేదని ఒకసారి చూసుకుంది.

"దీన్ని ఇక్కడ వదలను," అంది. "మేం కోర్టుకి వెళ్తాం, అక్కడే ఇస్తాను. నా తప్పు రాసిన పేజీ పైన పెట్టి ఇస్తాను."